సాక

లాల్‌దర్వాజ ఎనక సందుల
మా ఆడపడుచు ఇంటి ముందర
యాపమండల వాసన, మైకుల మోత,
అరుగు మీద కల్లు లొట్టి.
"ఒక్క గిలాస వదినా, అమ్మవారి సాక, కాదనొద్దు."

ముషీరాబాద్ డిపోల కండక్టర్‌ను.
పొద్దంత జీరో టికెట్లు కొడ్త.
ఎవరు ఏడ ఎక్కిన్రో, ఏడ దిగాల్నో
మొకం జూసి చెప్త.
నాలోపలికి ఈ దిగులు ఏ స్టాపుల ఎక్కిందో
ఇంతవరకు చెప్పలేను.

ఎర్రగడ్డ అంటే ఈ ఊర్ల తిట్టు.
ఆ తిట్టులకు బస్సెక్కి పోయిన,
ఓపీ చీటి పట్కొని లైన్ల కూసున్న.
డాక్టరమ్మ గోలీలు రాసి
పెన్ను మూత పెట్టకుంటనే అడిగింది:
"కల్లు అలవాటున్నదా?"
"పండుగకే."
"గోలీకి పండుగ తెల్వదమ్మా."
నవ్విన.

నిరుడు, గిదే అరుగు.
రెండు గిలాసలు తాగి ఇంటికొచ్చి
గోలి ఏస్కొని పొయ్యి మీద పాలు పెట్టిన.
గంతే యాది.
పొంగినయంట, మాడినయంట,
గిన్నె అడుగు ఎర్రగ కాలిందంట.
పదకొండేండ్ల అఖిల గ్యాస్ బందుజేసి
నా ముక్కు కింద వేలు పెట్టి చూసిందంట.
ఆ వేలు నాకు తగల్లేదు.
గిన్నెను ఇంక పారెయ్యలే.

ఈసారి పొద్దుగాల్నే లెక్కేసుకున్న:
ఇయ్యాల గోలి మానేస్తే
గిలాసకు జాగ దొరుకుతది గద.
టికెట్ లేనోడు ఎనక సీట్ల నక్కినట్టు
తలకాయల నక్కి కూసుంది ఆ ఆలోచన.
అసొంటోళ్లను పట్టుకునుడే నా నౌకరి.

"బీపీ" అందామనుకున్న.
నాలుక కొసకు వచ్చేసింది గూడ.
పోతరాజు కొరడా ఝళిపిస్తున్నడు
పిల్లలంత అటే చూస్తున్నరు
అఖిల ఒక్కతే
నా చేతిల గిలాస దిక్కు చూస్తున్నది.

"సుగుణా, మందు తింటున్న. దిగులుకు.
ఎర్రగడ్డల ఇచ్చిన్రు.
రెండిటిని మందే అంటం గని
ఒకదాని మీద ఒకటి పడది."

మైకు మోగుతనే ఉన్నది.
ఎవరో దగ్గిన్రు.
పెద్దత్త నా చేతిల గిలాస తీస్కొని
గడప ముందర రెండు చుక్కలు సాక పోసి
మిగిలింది ఒక్క గుక్కల తాగేసి
కొంగుతోని మూతి తుడుసుకుంట
నా చెవిల అన్నది:

"మల్ల ఎప్పుడు పోతవు?
నన్ను గూడ తీస్కపో బిడ్డా."