వాసన చెప్పేవాడు

మోన్‌ఫెర్రాతో కొండమీద బస్సు ఆగింది.
పద్నాలుగు మందిమి, మెడలో సంచీ, సంచీలో గ్లాసు.
నేలమాళిగలో ఎర్సిలియా పీపా బిరడా తీసింది.

తిప్పండి, అంది. తిప్పాం.
చెర్రీ, అన్నాడు ఘెంట్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరు.
తోలు, అంది ఆయన భార్య,
ముందు తనే అనాల్సిందన్నట్టు.
నేను పొగాకు అన్నాను. కరపత్రంలో ఉంది మరి.
ఉమ్మే బకెట్టు మాత్రం ఎవరికీ అవసరం పడలేదు.

అన్నిటికీ తలూపింది ఆమె,
లెక్క తప్పినా ఏమీ అనని మాస్టారులా.

చివరి గ్లాసు గుమ్మంలో నిలబడ్డ డ్రైవరుకిచ్చింది.
గౌదెంజియో తాగడు. ఇంకా ముప్పై ఒక్క మలుపులున్నాయి.
ముక్కు మాత్రం దించాడు, బావిలోకి తొంగిచూసినట్టు.

"తడి గొడుగు. మూసిన గది.
గోడకవతల ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు."

ఎర్సిలియా పీపా పట్టుకుని కూలబడింది.
ఆ ఏడాది కప్పు కారిందట.
గొడుగు కిందే పళ్లు తొక్కారట.
వంటింట్లో అత్త ఇంకా ఉండేదట.
జ్వరంతో పోయిన ముక్కు
రెండేళ్లయినా తిరిగి రాలేదట.

తాగకూడనివాడు వాసన చెబుతున్నాడు,
వాసన తెలియనామె తాగుతోంది,
ఒకటే గ్లాసు.

మేం బస్సెక్కి కూర్చున్నాం.
హారన్ కొట్టేవాడు లేడు.