ఎర్రనిదీ, గుండ్రనిదీ

వర్తూరు దాటినాక, పద్దెనిమిదో అంతస్తు లేస్తున్న చోట
నీలం రేకుల షెడ్డులో మా బడి.
పంక్చర్ షాపు జబీవుల్లా ఊరికే ఇచ్చిన
పాత సైకిలు టైర్లు రెండు తగిలించుకుని వెళ్ళాను.
"టీచరూ, సైకిలు యాడ?" అంది చౌడేశ్వరి.
సైకిలు లేదమ్మా. ఇవాళ లెక్కలు.

ఒకదాని మీదికి ఇంకొకటి కొంచెం ఎక్కేలా పరిచాను.
పుస్తకంలో గీతలు బుద్ధిగా ఒకదాన్నొకటి దాటిపోతాయి.
రబ్బరు అట్లా వినదు.
పైది ఒకపక్క లేచి, ముట్టుకుంటే ఊగుతోంది.
సుద్దముక్కతో గీద్దామంటే
మూడు రోజులుగా తుంపర, నేలంతా చెమ్మ.

"దీంట్లో ఎర్రనివి. దీంట్లో గుండ్రనివి.
పోండి, వెతుక్కు రండి."

ఇటుక పెచ్చు వచ్చింది, ఎండుమిరపకాయ వచ్చింది,
ఎవరి జడదో సగం రిబ్బను వచ్చింది.
సోడా మూత, రూపాయి బిళ్ళ,
వాళ్ళమ్మకు చెప్పకుండా ఎత్తుకొచ్చిన పిండి జల్లెడ.
అది టైరులో పట్టక అంచు మీద ఒరిగింది.
పుట్టరాజు 'కెంపు' అన్నాడు, 'గుండగె' అన్నాడు.
అర్థమేమిటని ఎవరూ అడగలేదు.

అప్పుడు సంచి అడుగు నుంచి
టమోటా తీశాను.
కిలో నూట ఇరవై పలుకుతున్న వారమది.
ఇంట్లో చారుకి సగం కోసి సగం దాచుకుంటూ
పాఠానికని ఒకటి, నిండుగా పండింది, ఏరి ఉంచాను.
పిల్లలు మాట్లాడటం మానేశారు.
"దీన్నెక్కడ పెడదాం?"
ఎర్రవాటిలో అని కొందరు, కాదు గుండ్రటివాటిలో అని కొందరు,
జుట్లు పట్టుకునే దాకా వచ్చింది.
మస్తానమ్మ ఎవరి మాటా వినిపించుకోకుండా
రెండు టైర్లూ కమ్ముకున్న ఇరుకులో దాన్ని పెట్టి
చేతులు దులుపుకుంది,
పంచాయితీ తీర్చిన పెద్దమనిషిలా.

నేను రాసుకొచ్చిన పాఠం అక్కడికి అయిపోయింది.
వాళ్ళది కాలేదు.

నీలం దువ్వెన ఒకటి మిగిలింది, పళ్ళు ఊడినది.
ఎరుపూ కాదు, గుండ్రమూ కాదు. "బయట పెట్టు" అన్నాను.
"బయట పెడితే తడుస్తాది గదా టీచరూ"
అని చౌడేశ్వరి దాన్ని ఒళ్ళో దాచుకుంది.
ఆ బయట కాదే తల్లీ, టైర్లకు బయట,
గదికి లోపలే అని చెప్పి చూశాను.
నమ్మలేదు.
సరేనని తాడు తెచ్చి, టైర్ల చుట్టూ, దువ్వెన చుట్టూ,
మా అందరి చుట్టూ పరుస్తూ పోయాం.
గుమ్మం దగ్గర చెప్పులున్నాయని ఎవరికో గుర్తొచ్చింది.
తాడు చాలక నా చున్నీ ముడేశాం.
చెప్పులు లోపలికొచ్చాక
"మరి క్రేను?" అన్నాడు పుట్టరాజు.
క్రేను రేపు చూద్దాంలే అన్నాను.

ఈ సందడిలో
తిరిగి చూస్తే మధ్యలో టమోటా లేదు.
టైరు అంచున ఒక చుక్క రసం, రెండు గింజలు.
ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు.
కళ్ళు మాత్రం అన్నీ కలిసి
ఓబులేశు గడ్డం మీదికి పోయాయి.

కోప్పడాలి. నోరు తెరిచాను కూడా.
వాడు లేచాడు. జల్లెడ తొక్కకుండా, మిరపకాయ తొక్కకుండా
మెల్లగా అడుగులేసుకుంటూ వచ్చి
ఆ ఇరుకులో రెండు పాదాలూ జతచేసి నిలబడి
చొక్కా పైకెత్తి పొట్ట చూపించాడు.
"యాడికీ పోలేదు టీచరూ. ఈడనే ఉండాది."

చౌడేశ్వరి వంగి, దగ్గరగా చూసి,
"నీ పొట్ట గుండ్రంగా లేదు కదరా" అంది.

నిజమే, లేదు.
పక్కటెముకల కింద లోపలికి పోయి ఉంది.
వాడి మడమ తగిలి పై టైరు కాస్త ఊగి, ఆగింది.
పన్నెండున్నర.
అన్నం బండి ఇంకా రాలేదు.