పదకొండో ప్రశ్న

ఆగస్టు నెల. సోమల హైస్కూలు, తొమ్మిదో తరగతి.
ముప్పై నాలుగు జవాబు పత్రాలు నా ఒళ్లో,
నేను పుంగనూరు బస్సులో.
రోడ్డు కుదిపినప్పుడల్లా ఎర్ర పెన్ను
ఎవరి తప్పునో ఉన్నదానికంటే పెద్దది చేస్తోంది.

మైటోకాండ్రియా కణ శక్త్యాగారమని
ఒత్తులు పోయినా అందరూ రాశారు.
దారువు నీటిని పైకి మోస్తుందని రాసి
ఒకడు పక్కన బిందె బొమ్మ వేశాడు.
కిరణజన్య సంయోగక్రియకు కావలసినవి అడిగితే
గుర్రప్ప ఎండ, గాలి, పత్రహరితం, నీళ్లు అని రాసి
నీళ్ల కింద, చిన్న అక్షరాలతో,
'కరెంటు రాత్రి పదకొండుకు' అన్నాడు.
నవ్వుకుంటూ పూర్తి మార్కులు వేశాను.

తర్వాత పదకొండో ప్రశ్న.
వేరుశనగ కాయ దేని నుంచి ఏర్పడుతుంది?
వేరు, కాండం, ఆకు, పువ్వు.

ఇరవై రెండు మంది వేరుకు టిక్కు పెట్టారు.
పేరులోనే ఉంది కదా, వాళ్లనేం అనను?
కానీ ఈ ఊళ్లో ఎవరూ వేరుశనగ అనరు.
చెనిక్కాయ అంటారు.
కాయ అని తెలిసే అంటారు.
వారం వారం చేన్లో కలుపు తీసే పిల్లలు
అచ్చులో పుస్తకం మాట కనబడగానే
చేతులకు తెలిసింది బయట వదిలేసి
పరీక్షకు కూర్చున్నారు.

పదిహేడో నంబరు, రెడ్డిరాణి.
దేనికీ టిక్కు లేదు.
మార్జిన్ దాటి, కింది ప్రశ్న మీదికి పాకిన రాత:

"పువ్వే టీచర్.
తెల్లార్తో పసుప్పచ్చగా పూస్తాది,
పొద్దు నెత్తికెక్కే లోపల వాడిపోతాది.
దాని మొదుట్లో నుంచి ఊడ దిగతాది,
సూది మాదిరి, నేలను ఎతుక్కుంటా.
మట్టి లోపలికి పోతేనే కాయ.
ఈ తూరి పదును లేదు. నేల బండ అయిపోయింది.
ఊడలు మీదనే మాడిపోతాండాయి.
అట్లయితే జవాబు ఏంది టీచర్?
ఈ నాలుగిట్లో అది లేదు."

నేను పుట్టింది తిరపతిలో, కొర్లగుంటలో.
నాకు తెలిసిన వేరుశనగ
ఉడకబెట్టి, ఉప్పు చల్లి, కాగితం పొట్లంలో వచ్చేది.
పదకొండేళ్లుగా బోర్డు మీద
పసుపు సుద్దముక్కతో గీస్తున్నాను ఆ పువ్వును.
ఒక్కసారీ చూడలేదు.

అది ఒక మార్కు ప్రశ్న. ఒకటే వేశాను.
అంతకంటే వేయడానికి గడి లేదు.

మర్నాడు మొదటి బస్సుకే దిగాను.
బడి గంటకు ఇంకా టైముంది.
గట్టు మీద చెప్పులు విడిచి
రెడ్డిరాణి వెనకే చేన్లోకి నడిచాను.
వంగి ఆకులు పక్కకు తీసింది.
పువ్వు,
నా సుద్దముక్క పసుపు కాదు,
అంతకంటే చిన్నది, తొందరలో ఉన్నది.
దాని కింద ఊడ,
కొన ఊదారంగు,
నేలకు ఇంకా వేలెడు దూరంలో ఆగి ఉంది.

ఏం చేస్తున్నానో తెలియకుండానే
సంచిలోని సీసా మూత తిప్పి
ఆ మొక్క మొదట్లో నీళ్లన్నీ పోసేశాను.
మట్టి చుయ్యిమంది, అంతే.

రెడ్డిరాణి నోటికి చెయ్యడ్డం పెట్టుకుని
నవ్వాపుకుంటూ అంది:
"ఎకరన్నర ఉండాది టీచర్."