రఫ్ వర్క్ కాగితం

తెల్లారీ తెల్లారకముందే
కంటోన్మెంట్ స్కూలు గేటు ముందు ఆటోలు.
గరివిడి నుంచి, గజపతినగరం నుంచి, మక్కువ అవతలెక్కడి నుంచో
నిద్రమొహాల్ని తెచ్చి దించుతున్నాయి.
ఒకతను కూతురి నోట్లో ఇడ్లీ కుక్కుతూ
పదమూడో ఎక్కం అడుగుతున్నాడు.
"పదమూడేళ్లు... పదమూడేళ్లు..."
అక్కడే ఆగిపోయింది పిల్ల.
దానికింకా పదేళ్లే.

ఆరో నంబరు గదిలో పదో తరగతి బల్లలు.
నలభై ఎనిమిది కాళ్లు నేలకి అందక
గాల్లో ఊగుతున్నాయి.
బెల్లు కొట్టారు.
ఒక్కసారిగా ఆగాయి.

గుండ్రాన్ని నిండుగా దిద్దాలి, గీత దాటకూడదు,
దాటితే యంత్రం చదవదు, అని చదివి వినిపించాను.
మా బళ్లో ఈ ఈడు వాళ్లకి
సూర్యుణ్ణి ఇచ్చి రంగెయ్యమంటే
గీత దాటి ఆకాశమంతా పసుపు చేస్తారు.
నేను "బాగుంది" అని సంతకం పెడతాను.

అర్ధగంట గడిచాక మూడో వరసలో చెయ్యి లేచింది.
గెంబలి ఝాన్సీ. నెల్లిమర్ల.
"ఏటమ్మా, నీళ్లా?"
పిడికిలి విప్పింది.
దవడ పాలపన్ను. కొసన రవ్వంత ఎరుపు.
"టీచరుగారూ, దీన్ని ఆవుపేడలో సుట్టి
పెంకుల మీదికి ఇసరాలంట. మా నాయనమ్మ సెప్పింది.
ఇక్కడేటి సెయ్యాల?"

ఎ కాదు, బి కాదు, సి కాదు, డి కాదు.
రఫ్ వర్క్‌కి ఇచ్చిన కాగితం మడిచి
పన్ను అందులో పెట్టిచ్చాను.
అంతటితో ఊరుకున్నా బాగుండేది.
"టైమవుతోంది, రాయమ్మా" అన్నాను.
నోట్లో రక్తం మింగి
మళ్లీ గుండ్రాల్లోకి దిగింది.

పోయినేడు మా బళ్లో పొట్నూరు శ్యామలరావు
ఫలితాలొచ్చిన మర్నాటి నుంచి బెల్లు కొట్టడం మానేశాడు.
బతిమాలి తెచ్చుకున్న పని అది.
ఏంరా అంటే
"నాకు బుర్ర లేదంట కదా టీచరు" అన్నాడు.
లేదు అనలేదు. లేదంట.
ఎవరు చెప్పారో తెలీని మాటని
తొమ్మిదేళ్లవాడు ఇంటిపేరులా తగిలించుకున్నాడు.

పరీక్ష అయ్యాక ఝాన్సీ తండ్రితో అన్నాను,
ఈ వయసుకి ఇవి తీసెయ్యాలండీ అని.
జూట్ మిల్లులో చేస్తాడట.
చేసేవాడట, మిల్లు తెరిచినన్నాళ్లు.
"తీసెయ్యండమ్మా. తీసేసి మరేటి పెడతారు?
ఉన్నోల పిల్లలకి గుమ్మాలున్నాయి.
నా గుంటకి ఈ కన్నం ఒక్కటే ఉంది.
దాన్నీ మూసేసి
ఇల్లు సల్లగుంటాది అంటే ఎలాగ?"

ఎండ నెత్తికెక్కింది.
నా దగ్గర జవాబు లేదు, నెగటివ్ మార్కు భయమూ లేదు,
అయినా ఖాళీగా వదిలేశాను.
ఆ కన్నం కొలత ఎవరు పెట్టారని అడగాల్సింది.
పదేళ్ల ఒళ్లు గీసుకుపోతే తప్ప
దూరడానికి వీల్లేనంత ఇరుకు ఎందుకని,
దూరలేని వాళ్లకి
గోడవతల ఏముందో ఎవరు చెబుతారని.
ఇవన్నీ ఆటో ఎక్కాక తోచాయి.
తీసెయ్యాలనే అంటాను ఇప్పటికీ.
కాకపోతే అనేముందు
ఆ మనిషి మొహం ఒకటి అడ్డమొస్తుంది,
గుటక మింగి అంటాను.

కాగితాలు అప్పజెప్పేటప్పుడు సూపరింటెండెంటు పట్టుకున్నాడు.
ఇరవై నాలుగు రఫ్ కాగితాలు ఇచ్చి
ఇరవై మూడు తెచ్చారేంటి మేడమ్?
గది దాటి చిత్తుముక్క పోకూడదని తెలుసు కదా?

కారణం అని ఉన్న గడి చిన్నది.
"పిల్ల పట్టుకెళ్లింది" అని రాశాను.
ఎందుకు అన్నాడు.
ఇంటి మీద పడెయ్యడానికి అన్నాను.

అతను నా వంక చూశాడు కాసేపు.
నాలుక ఒకసారి
తన దవడ వైపు తిప్పుకున్నట్టు అనిపించింది.
సీలు వేశాడు.