సెప్టెంబరు ముప్పై ఒకటి

కుతైసీలో రాత్రి మూడు కావస్తోంది.
రిజిస్ట్రీ ఆఫీసు మూడో అంతస్తులో మా కిటికీ ఒక్కటే వెలుగుతోంది.
నలభై లక్షల పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు
పాత సర్వర్ లోంచి కొత్తదాంట్లోకి
ఇల్లు ఖాళీ చేస్తున్నాయి.

తొంభై ఏడు శాతం. తొంభై ఎనిమిది.
వాజా శాతానికో గుటక టీ తాగుతున్నాడు,
ఖాచపూరీ చల్లారి అట్టకట్టింది.

ఆగింది.
అటు లెక్కకీ ఇటు లెక్కకీ
ఒకటి తేడా.

"జల్లెడలో నూక, వదిలెయ్ మ్జేవినార్" అన్నాడు.
నేను లాగ్ తెరిచాను.

మైకో కొర్తువా. ఆడపిల్ల.
1993 సెప్టెంబరు 31.
కొత్త యంత్రం అంటోంది: అలాంటి రోజు లేదు.

నాకు తెలుసు లేదని.
రాసింది నేనే, కిరోసిన్ దీపం దగ్గర,
ఇరవై రెండేళ్ళ వయసులో.
సుఖుమీ నుంచి కనుమ దాటొచ్చిన తల్లి
కాళ్ళకి తివాచీ పీలికలు,
బల్ల మీద మూట.
ఎప్పుడు పుట్టింది?
"పొద్దున సెప్టెంబరు అన్నారు,
మర్నాడెవరో అక్టోబరు అన్నారు,
మధ్యలో పుట్టింది."
మధ్యలోనే రాశాను.
కరెంటొచ్చాక మళ్ళీ నేనే కీబోర్డు మీద కొట్టాను.
పాత యంత్రం మారు మాట్లాడలేదు.

"అక్టోబరు ఒకటి వేసెయ్, పోతుంది" అంటాడు వాజా.

కానీ ఆమె పెళ్ళి అటు చేరిపోయింది.
కొడుకు అటు చేరిపోయాడు,
తల్లి గడిలో
ఎవరూ లేని ఒక నంబరుతో.

ఆ కొడుకు కాగితంలో ఫోన్ నంబరుంది.
వృత్తి: రొట్టెల పొయ్యి.
ఈ వేళకి మేలుకునే ఉంటుంది.

చెప్పాను. అవతల పిండి చరుస్తున్న చప్పుడు
ఆగి, మళ్ళీ మొదలైంది.
"మా అమ్మ రెండు రోజులూ కేకు చేసేది.
మీరేది రాసినా నాకొకటి పోతుంది"
అని నవ్వింది. "ముందుది ఉంచండి. అది తేనెది."

సెప్టెంబరు ముప్పై.
పక్కన వ్యాఖ్యల గడి, ఎవరూ చదవనిది,
రెండు వందల అక్షరాల జాగా.
ఒక్క మాట కొట్టాను: మధ్యలో.

లెక్క సరిపోయింది.
తెల్లారి వాజా పాతదాని స్విచ్చి తీశాడు.
ఫ్యాను ఇంకాసేపు తిరిగింది,
ఎవరూ చెప్పనట్టు.