సున్నా రోజు

రక్తం తీసిన రోజుని లెక్కలో వెయ్యరట.
దాన్ని సున్నా అంటారు.
మర్నాడు ఒకటి.
అలా నూట ఎనభై దాకా.

ఫిబ్రవరి పద్నాలుగు. శాన్ ఆంటోనియో.
సైనిక పశువైద్యశాల గుమ్మానికి
ఎవరో ఎర్రకాగితపు గుండెలు అంటించారు.
బల్ల మీద ఫ్రిహోల్, ముందుకాలు చాపి.
చిక్కుడుగింజ రంగు. ఎడమచెవి సగమే.
మిగతా సగం మాకు దొరక్కముందే
ఎక్కడో ఇచ్చేసి వచ్చింది.

నిజానికి ఇది రెండో మొదలు.
ఎఫ్రైన్‌కి డిసెంబర్‌లోనే ఉత్తర్వులొచ్చాయి:
మిసావా, జూన్ పదకొండుకల్లా.
టీకాల కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకుని
ధీమాగా వెళ్ళాను.
డాక్టర్ ప్రుయిట్ ఒక కాగితం తిప్పింది,
మళ్ళీ వెనక్కి తిప్పింది.
"సూది ముందు పడింది, చిప్ తరవాత పెట్టించారు."

నంబరు లేని కుక్కకి వేసిన టీకా
ఏ కుక్కకి వేసినట్టు?
జపాన్ లెక్కలో, ఏ కుక్కకీ కాదు.
నాలుగేళ్ళ టీకాలు నీళ్ళపాలు.
మళ్ళీ సూది. నెలాగి మళ్ళీ సూది.
ఇవాళ గాజుగొట్టంలో నెత్తురు,
మంచుపెట్టెలో పడుకుని కాన్సాస్‌కి.

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
పెన్సిలుతో లెక్కపెట్టాను.
ఎటునుంచి ఎటు పెట్టినా
అరవై మూడు రోజులు తక్కువ.
వైమానిక దళం ఒక్కరోజు వెనక్కి జరగదు.
దిగ్బంధం ఒక్కరోజు ముందుకి రాదు.
మధ్యలో నేను, ఫోను భుజానికీ చెవికీ ఇరికించి
గిన్నెలు కడుగుతూ,
అవతలెవరో ఎత్తేదాకా అదే వాయిద్యం వింటూ.

హిమేనాకి ఆరేళ్ళు.
నాన్న ఎడారికి వెళ్ళినప్పుడు
రంగుకాగితాల గొలుసు గోడకి కట్టి
రోజుకో కడియం తెంపిన పిల్ల.
"కుక్కగొలుసు ఎంత పొడుగు?" అంది.
చెప్పాను.
"నాన్నదాని కంటే పొట్టే!" అని
కత్తెర వెతుక్కుంది.
నాకు మాత్రం అన్నం దిగలేదు.

ఎదురింటి లవోనియా
"నా దగ్గర ఉంచెయ్" అంది.
ఒకప్పుడు గువామ్‌లో పిల్లిని వదిలి వచ్చిందట.
ఎందుకని నేనడగలేదు, తను చెప్పలేదు.
గిన్నె, తాడు, కొరికిన టెన్నిస్ బంతి
నా చేతుల్లోంచి తీసుకుని
తలుపు కొంచెం తొందరగానే వేసేసింది.

మిసావాలో మాకు తెల్లారితే అక్కడ సాయంత్రం.
తెర మీద ఫ్రిహోల్ ముక్కు, పెద్దగా, తడిగా.
మా గొంతు వింటే
ఫోను వెనక్కి వెళ్ళి వెతికేది.
కొన్నాళ్ళకి వెతకడం మానేసింది.
ఆ సంగతి హిమేనా గమనించలేదనే అనుకుంటున్నాను.

ఆగస్టు పదమూడు దాటాక
రాత్రంతా కారు నడిపి నరీటా చేరాం.
తనిఖీ అధికారి హతాకెయామా, తెల్ల చేతితొడుగులు,
యంత్రాన్ని మెడ వెనక ఆనించాడు.
చప్పుడు లేదు.
భుజాల మధ్య. లేదు.
ఎఫ్రైన్ నిటారుగా నిలబడ్డాడు,
పెద్ద అధికారి ముందు నిలబడినట్టు.
మోచేతి దగ్గరికి జారిపోయిన చిప్
చివరికి ఎక్కడో కీచుమంది.

ఆయన తెర చూసి చదవబోయేలోపే
హిమేనా మొదలెట్టింది,
పదిహేను అంకెలూ, పద్యం అప్పజెప్పినట్టు.
ఇంటి నంబరడిగితే తెల్లమొహం వేసే పిల్ల!
దాని తప్పేముంది, ఆరేళ్ళలో అయిదిళ్ళు.
హతాకెయామా వేలితో ఒక్కో అంకే సరిచూసుకుని
తలవంచాడు. ముద్ర వేశాడు.

బోనులోంచి ఫ్రిహోల్ దిగింది.
ముందు నా చెప్పులు, తరవాత పిల్ల మోకాళ్ళు,
ఎఫ్రైన్ చేతిని రెండుసార్లు నాకింది.
అప్పుడు వెనక్కి తిరిగి
మూసుకున్న తలుపు వైపు చూస్తూ కూర్చుంది.
ఉన్న సగం చెవి కూడా నిక్కించి.

చాలా ఫోటోలు తీశాం ఆ రోజు.
నవ్వుతున్నవి, కౌగిలించుకున్నవి.
లవోనియాకి మాత్రం
ఆ తలుపు ఫోటోనే పంపాను.