మోచేయి దాకా

సిరొంచ వంతెన ఆఫీసులో ఫారం మరాఠీలో ఉంటుంది.
ఏడో గడి: నీటిలో చూపు ఎంత దూరం?
మీటర్లలో రాయాలి.
సడవలి మీటర్లలో చెప్పడు.
ప్రాణహితలోంచి తల పైకెత్తి, ముక్కు చీది,
"మోచేయి దాకా" అంటాడు.
నేను సున్నా పాయింట్ మూడు అని రాసుకుంటాను.

భాద్రపదంలో కళ్లు మూసుకునే దిగుతాడు.
"తెరిచినా గదే గద మేడం."
కాంట్రాక్టరు నాగపూర్ నుంచి టార్చి తెప్పిస్తే
అర నిమిషంలో తిరిగొచ్చాడు.
"పిల్లరు గాదు, మన్ను వెలుగుతాంది.
మంచుల లారీ లైటేసినట్టు."

బురదలో నీలం ముందు పోతుంది.
నడుముకు నీలి తాడు మానేసి
ఎర్రది కట్టుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే.
నొసటి మీద మచ్చ, అది ఐదో పిల్లరు.
ఇంకా దూరముందనుకున్నాడట.

ఫాల్గుణంలో నది పలచబడింది.
పిల్లరు పాదం దగ్గర వరద తొలిచిన గుంటలో
పదిహేను అడుగుల నీరు
ఆకుపచ్చగా, కదలకుండా.
కళ్లద్దం బిగించుకుని నేనూ దిగాను.
ఒకసారి అద్దం జారింది:
సడవలి ముఖం తడిసిన కాగితం మీద సిరా.
సర్దుకోగానే అంచులన్నీ తిరిగొచ్చాయి,
గులకరాళ్లు, నాచు, ఎవరిదో ఎడమకాలి చెప్పు.

అడుగున ఎర్ర తాడు గోధుమరంగు తాడయింది.
ఇక్కడ ముందు చచ్చేది ఎరుపే.
తల పైన వెలుతురు గుండ్రంగా ముడుచుకుంది,
దాని చుట్టూ చీకటి.

పునాది కింద సందు చూపించాడు.
చెయ్యి చాపాను. అందలేదు.
ఇంకా జానెడు అవతలుంది.
తేట నీరూ అబద్ధమాడుతుంది,
కాకపోతే దగ్గరికి పిలిచి.

ఒడ్డున ఫారం తీశాను.
ఎనిమిదో గడి: సందు ఎత్తు.
నా కన్ను నాలుగు బెత్తెలంది.
అతని చెయ్యి మూడంది.
మూడు బెత్తెలు లెక్కగట్టి రాశాను.
తడిమి చూసినవాడి పేరుకు గడి లేదు.
అంచున, తెలుగులో,
దుర్గం సడవలి అని రాశాను,
గడ్చిరోలిలో ఆ బల్ల దగ్గర ఎవరికీ చదవరాదని తెలిసీ.

అతను తాడు పిండుకుంటున్నాడు.
ఎండలో అది మళ్లీ ఎర్రబడింది.
"నీళ్లు చిక్కగైనంక పిలువుండ్రి మేడం.
గింత కనబడితే
నాకు బుగులైతది."